చేనుగట్టు శ్రోతలు

రాళ్లచెలక,
కొల్లాపూర్ దగ్గర,
5 డిసెంబర్ 2022.

కృష్ణాతీర రేడియో కేంద్రం అధికారి గారికి,

నమస్కారం చివర్లో పెడతాను. ముందు నేరం. రేడియోను చంపుతున్నది మీరే. వినేవాళ్లు లేరని బయట ఏడుస్తూ లోపల దాని గొంతు నొక్కుతున్నది మీరే.

రాత్రి తొమ్మిదిన్నరకు రోజూ వచ్చే 'జీవన దీపిక' ప్రసంగం, దాని వెనక వచ్చే చర్చ, వార్తలు అన్నీ నవంబర్ నెలాఖరున ఎత్తేశారు. పదకొండు దాకా సినిమా పాటలు నింపారు. పైగా "మారిన శ్రోతల అభిరుచి మేరకు" అని ప్రకటన ఒకటి. ఏ శ్రోతలు? వాళ్లు మారినట్టు మీకు ఎవరు చెప్పారు? రాళ్లచెలకకు వచ్చి ఎవరినైనా అడిగారా? మా ఊరి దాకా మీరు ఎన్నడూ రాలేదు. వచ్చింది మీ తరంగం ఒక్కటే, ఇప్పుడు దాన్ని కూడా మార్చిలో ఆపేస్తారట. ఆ తర్వాత యాప్‌లో వినాలట.

అయ్యా, యాప్‌కు ఫోను కావాలి, ఫోనుకు డేటా, డేటాకు సిగ్నల్. మా ఊళ్లో సిగ్నల్ దొరికేది వాటర్ ట్యాంకు మీద ఒక్కచోటే. ప్రసంగం వినడానికి ట్యాంకు ఎక్కమంటారా? ఎక్కిన మనిషిని చూస్తే, ఏదో డిమాండు పెట్టి దూకడానికే ఎక్కాడని ఊరంతా కింద చేరుతుంది, పోలీసులు మైకు పట్టుకుని వస్తారు. మీ ప్రసంగం ఎవరికి వినపడుతుంది?

మీ ప్రసార స్తంభం నిలబడ్డ జాగా ప్రజలది. అందులో కాలే కరెంటు ప్రజలది. గాలి ఎవరబ్బ సొత్తూ కాదు. రాష్ట్రం వచ్చాక మన మాట మనకు వినపడుతుందని అనుకున్నాం. అసలు మాటే లేకుండా చేశారు. పాట పెడితే జీతమిచ్చి మనిషిని కూర్చోబెట్టక్కర్లేదు, మీట నొక్కి పోవచ్చు. దీన్ని అభిరుచి అనకండి, ఖర్చు తగ్గింపు అనండి, కనీసం నిజం చెప్పినట్టు ఉంటుంది.

నేనెవరో చెప్పాలి కదా. నా పేరు సుచరిత. ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. జీతాల గురించి నోరెత్తినందుకు ఇంటికి పంపారు. ఇప్పుడు కౌలుకు తీసుకుని పల్లికాయ వేస్తున్నాను. మా ఊరి రేడియో శ్రోతల సంఘానికి కార్యదర్శిని. మీరు పోయారంటున్న శ్రోతలు ఇక్కడే ఉన్నారు. రాళ్లచెలకలో రాత్రిపూట రేడియో మోగని పల్లి చేను ఒక్కటి లేదు.

ప్రసంగం వెంటనే పునరుద్ధరించాలి. ఇప్పుడు నమస్కారం.

ఇట్లు,
సుచరిత

తా.క.: పాటలు మొదలైన వారంలోపే మా పక్క చేను అండాలక్కకు అరెకరం పల్లి పోయింది. దానికి బాధ్యత మీదే. ఊరికే అంటున్న మాట కాదు.

తా.క. మళ్లీ: ముందు ఫోనే చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తేవాళ్లు లేని ఆఫీసు, వినేవాళ్లు లేరని ఎట్లా చెబుతుంది?


కృష్ణాతీర రేడియో కేంద్రం,
మహబూబ్‌నగర్,
14 డిసెంబర్ 2022.

సుచరిత గారికి,

మీ 5వ తేదీ ఉత్తరం అందినది. శ్రోతల నుండి వచ్చే సూచనలను కేంద్రం ఎల్లప్పుడూ సాదరంగా స్వీకరించును.

రాత్రి కార్యక్రమాలలో మార్పు పై కార్యాలయం ఆదేశాల ప్రకారం జరిగినది. ప్రసంగ కార్యక్రమాలకు గత కొంతకాలంగా శ్రోతల స్పందన రానందున ఈ నిర్ణయం తీసుకొనబడినది. మధ్యతరంగ (మీడియం వేవ్) ప్రసారాల భవిష్యత్తు విధానపరమైన అంశం. దానిపై వ్యాఖ్యానించుటకు ఈ కేంద్రానికి అధికారం లేదు.

మీ తాజా కలంలో పేర్కొన్న పంట నష్టం వ్యవసాయ శాఖ పరిధిలోనిది. మీ ఉత్తరం నకలును వారికి పంపితిమి.

భవదీయుడు,
రఘుపతి,
కార్యక్రమ అధికారి

తా.క.: పై భాగం టైపు చేయించినది. ఇది నా చేతిరాత. 'జీవన దీపిక' రాసేదీ, చదివేదీ నేనే అండి. పదకొండేళ్లలో ఆ ప్రసంగం కావాలని వచ్చిన ఉత్తరం ఇదొక్కటే. పూర్వం ఒకటి వచ్చింది, కానీ అది కరెంటు బిల్లు గురించి, మా చిరునామాకు పొరపాటున చేరింది. మీ ఊరివాళ్లకు ప్రసంగంలో ప్రత్యేకంగా ఏం నచ్చిందో, వాళ్ల మాటల్లోనే రాసి పంపగలరా? పై కార్యాలయానికి చూపిస్తాను. మా ఇంట్లో కూడా ఒకరికి చూపించాల్సిన అవసరం ఉంది.


రాళ్లచెలక,
19 డిసెంబర్ 2022.

రఘుపతి గారికి,

మీ ఉత్తరం రెండు గొంతులతో ఉంది. టైపు గొంతుకు నా దగ్గర జవాబు లేదు. చేతిరాత గొంతుకు ఉంది.

ముందే ఒక మాట. మీ ప్రసంగాలతో నాకు ఏకీభావం లేదు. ఈ వానాకాలంలో ఒక రోజు "సోమరితనమే పేదరికానికి మూలం" అన్నారు. అండాలక్క తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. మీరెన్నింటికి లేస్తారు? ఇంకోరోజు "అసంతృప్తి అనే చెదపురుగు" అన్నారు. అసంతృప్తి లేకపోతే ఈ రాష్ట్రమే లేదు. వీటికి ఖండన విడిగా రాసి జతచేస్తున్నాను. చదవకుండా ఫైల్లో పెట్టకండి.

అయినా ఆ ప్రసంగం మాకు కావాలి. అదే ప్రజాస్వామ్యం. నాకు నచ్చకపోవచ్చు, ఊరికి అవసరం.

మీరు అడిగినట్టు ఊరివాళ్ల అభిప్రాయాలు సేకరించాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

అండాలక్క: "గా సారు గొంతు మొదలైందంటే నాకు ఫికర్ లేదు. నిమ్మళంగ నిద్ర పడ్తది. గీ పాటలు మొదలైనకాడికెంచి కంటి మీద కునుకు లేదు, టీచరమ్మా."

బుచ్చయ్య, అండాలక్క చేనుకు దిగువన ఉన్న రైతు: "పాటలు పెడితే ఒకటే మోత, ఒకటే తొక్కులాట. గాయన మాట్లాడుతుంటే గడ్డిపోచ కదలది. ఆయన ఏం చెప్తడో నాకైతే ఎర్కలే. గని గొంతుల ఏదో ఉన్నది. ఎవలనో నిలవెట్టి తిడుతున్నట్టే ఉంటది."

ఇంకొకామె కూడా చాలాసేపు చెప్పింది. కానీ "నా పేరు రాయకు, రేడియోల వస్తే నలుగురు నవ్వుతరు" అన్నది. అందుకని ఆమె మాట కూడా రాయడం లేదు.

ఇంతకన్నా ఏ సాక్ష్యం కావాలి? త్వరగా తేల్చండి. కాయ ఊరుతున్న రోజులివి. ఇప్పుడు కాపాడకపోతే ఇక కాపాడటానికి ఏమీ ఉండదు.

మీ,
సుచరిత

తా.క.: మీరు పంపిన నకలు అందుకుని వ్యవసాయ శాఖ నుంచి ఒకాయన బండి మీద వచ్చాడు. చేను చూసి, "రేడియో వల్ల పంట పోయిందని రాయడానికి మా దగ్గర గడి లేదమ్మా" అన్నాడు. వరద, కరువు, చీడ, ఇతరములు అని నాలుగే ఉన్నాయట. మిమ్మల్ని ఇతరములలో వేయించాను.


మహబూబ్‌నగర్,
28 డిసెంబర్ 2022.

మాన్యులు సుచరిత గారికి,

ఈసారి టైపు లేదు. పూర్తిగా చేతిరాతే.

అండాలు గారు, బుచ్చయ్య గారు చెప్పిన మాటలు ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. "గడ్డిపోచ కదలదు"! శ్రోతల ఏకాగ్రత గురించి ఇంత అందంగా ఎవరూ చెప్పగా వినలేదు. మా ఆవిడ మంజులత నా ప్రసంగం మొదలవగానే వంటింట్లోకి పోయి గిన్నెలు సర్దుతుంది. ఆమెకు ఈ వాక్యం గట్టిగా చదివి వినిపించాను. "మా ఇంట్లో కూడా గిన్నెలు తప్ప ఏమీ కదలవు" అంది. అయినా మనసులో మెచ్చుకుందనే నా నమ్మకం.

శుభవార్త. మీ ఉత్తరం చూసి పై కార్యాలయం జనవరి నెల వరకు ప్రయోగాత్మకంగా అనుమతి ఇచ్చింది. 2వ తేదీ సోమవారం నుంచి తొమ్మిదిన్నరకు 'జీవన దీపిక' మళ్లీ వస్తుంది. నెలాఖరున శ్రోతల సంఖ్య చూసి, ప్రసంగం సంగతీ మధ్యతరంగం సంగతీ తేలుస్తారట.

శ్రోతల సూచనలను నేను గాలికి వదలను. నిమ్మళంగా నిద్ర పడుతుందని అండాలు గారు అన్నారు. తిడుతున్నట్టు ఉంటుందని బుచ్చయ్య గారు అన్నారు. రెండూ కలిపి ఆలోచించాను. గొంతు బాగా తగ్గించి, చెవిలో చెప్పినట్టు చదువుతాను. వెనక వేణువు కూడా పెట్టిస్తున్నాను. మా కళాకారుడు బాగా వాయిస్తాడు. అండాలు గారికి ఇక ఏ ఇబ్బందీ ఉండదు.

ఇంకొక మాట. శ్రోతల లెక్క తీయడానికి మా సర్వే కుర్రవాడు సునీల్ జనవరి మొదటి వారంలో మీ ఊరు వస్తాడు. దయచేసి శ్రోతలను అతనికి చూపించండి. అన్నీ కుదిరితే నేనే వచ్చి అండాలు గారికి ఉత్తమ శ్రోతగా నారాయణపేట చీర పెట్టాలని ఉంది.

మీ శ్రేయోభిలాషి,
రఘుపతి

తా.క.: మీ ఖండన చదివాను. నేను ఆరున్నరకు లేస్తాను. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను.


రాళ్లచెలక,
7 జనవరి 2023.

రఘుపతి గారూ,

ముంచారు.

ఆ వేణువు తీసేయండి. ఈ ఉత్తరం చదవడం ఇక్కడే ఆపి, ముందు లేచి వెళ్లి వేణువు తీసేయించి రండి. మిగతాది తర్వాత చదువుదురు.

మీ గత ఉత్తరం నాలుగుసార్లు చదివితే గానీ మీకు ఏమీ తెలియదని నాకు తెలియలేదు. తప్పు నాది కూడా కావచ్చు. ఇక్కడ పసిపిల్లకు తెలిసిన సంగతి రేడియో నడిపేవాళ్లకు తెలియదని నేనెట్లా అనుకుంటాను?

మా ఊళ్లో రేడియోలు వినేది అడవిపందులు.

మా పొలాలు అడవి అంచున ఉన్నాయి. పల్లికాయ ఊరే కాలంలో పందుల మంద దిగిందంటే తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు తిరగేసి పోతుంది. మనిషి మాట వినపడితే అవి దగ్గరికి రావు. అందుకని చీకటి పడగానే రేడియో పెట్టి, మంచె గుంజకు వేలాడదీసి ఇంటికి వస్తాం. పదకొండుకు మీ ప్రసారం ఆగితే, వంతులవారీగా లేచి డబ్బాలు కొడతాం. పాటలు పెట్టి చూశాం. రెండు రోజులు బెదిరాయి, మూడో రోజు దిగాయి. మీ ప్రసంగానికి మాత్రం ఏళ్ల తరబడి భయపడ్డాయి. ఎందుకో నాకు తెలియదు. నాకైతే కోపం వచ్చేది, వాటికి భయం వేసేది.

సోమవారం రాత్రి అండాలక్క సంబరంగా సెల్లులు మార్చి రేడియో కట్టి వచ్చింది. మీరు చెవిలో చెప్పినట్టు చెప్పారు. వెనక వేణువు. పొద్దున్నే పోయి చూస్తే మంచె కిందనే పొర్లిన జాడలు. కాయ తిని, అక్కడే పండుకుని, తీరికగా పోయాయి. అండాలక్క గట్టు మీద కూలబడి, "టీచరమ్మా, గా సారుకు ఏమైంది? జరమొచ్చిందా? గొంతే లేదు" అన్నది. మీ చీర మాట చెప్పాను. "చీర ఎందుకు, గట్టిగ మాట్లాడుమను" అన్నది.

మీకు ఇది నవ్వులాట కాకూడదు. ఆమెకు మిగిలింది ఎకరం. కరెంటు తీగ పెట్టమని అందరూ చెబుతున్నారు. నిరుడు పక్క ఊళ్లో అట్లాంటి తీగకు తగిలి పొద్దున్నే నీళ్లు కట్టబోయిన మనిషి పోయాడు. అండాలక్క పెట్టనంటుంది. "పందికి పెట్టిన తీగకు పంది ఒక్కటే తగుల్తదా" అంటుంది. తీగ లేదు, రేడియో లేదు, ఇక తానే చలిలో మంచె ఎక్కాలి. ఆమెకు ఆయాసం ఉంది.

ఇప్పుడు మీరు అంటారు, పందులు శ్రోతలెట్లా అవుతాయని. నేను తిరిగి అడుగుతాను. మనుషుల్ని పోగొట్టింది ఎవరు? ఒకప్పుడు ఈ రేడియో ఇంట్లో అల్మారా మీద ఉండేది. పేర్లు చదివేవారు. ఫలానా ఊరు నుంచి ఫలానావాళ్లు అని వినపడితే, ఆ ఇంట్లో ఆ వారం పండగ. పేర్లు చదవడం మానేశారు. మా మాట మాట్లాడటం మానేశారు. అప్పుడు రేడియో అల్మారా దిగి చేనుగట్టుకు పోయింది. మనుషులు వదిలేసిన పనిని అది పందుల దగ్గర చేస్తోంది. ఎఫ్ఎం మా గుట్టల్లోకి రాదు. ఫోను రాత్రంతా మోగితే తెల్లారేసరికి చస్తుంది. మీ తరంగం మాత్రం ప్రతి వాగులోకీ దిగుతుంది. సెల్లులు వేస్తే పంట చేతికి వచ్చేదాకా మోగుతుంది. ఇంతకు మించి ప్రజాసేవ ఏ ప్రసారం చేసింది?

వేణువు తీశారా?

సుచరిత

తా.క.: మీ సునీల్ మధ్యాహ్నం వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి "ఇంట్లో రేడియో ఉందా?" అని అడిగాడు. ఇంట్లో ఎక్కడిది, చేనులో ఉంది. అందరూ లేదన్నారు. నేను కొల్లాపూర్ పోయి ఉన్నాను. బుచ్చయ్య ఒక్కడే పట్టుకుని చేనుకు తీసుకుపోయి, "శ్రోతలను చూపియ్యమన్నరట గద, గివే" అని గిట్టల జాడలు చూపించాడు. పిల్లగాడు రాసుకోలేదు. నీళ్లు కూడా తాగకుండా బస్సెక్కాడు.


మహబూబ్‌నగర్,
16 జనవరి 2023.

సుచరిత గారికి,

మీ ఉత్తరం శుక్రవారం అందింది. చెప్పినట్టే మొదటి పేరా దగ్గర ఆపి, స్టూడియోకు పోయి వేణువు తీయించి, వచ్చి మిగతాది చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది.

ఈ ఉద్యోగంలోకి వచ్చి ఇరవై ఆరేళ్లు. మంజులత మూడు రోజులు నవ్వింది. నాలుగో రోజు నవ్వు ఆపి, "పోనీలెండి, ఇన్నేళ్లూ ఒక మనిషి పంట కాపాడారు. మీకే తెలియదు" అంది. ఆమె నా ప్రసంగం గురించి చెప్పిన మొదటి మంచి మాట అది.

సర్వే నివేదిక పై కార్యాలయానికి పోయింది. రాళ్లచెలక: రేడియో ఉన్న ఇళ్లు ఏవీ లేవు. శ్రోతలు లేరు. వివరాల గడిలో సునీల్ "స్థానికులు తప్పుదోవ పట్టించారు" అని రాశాడు. దీనితో ప్రయోగం ఈ నెలాఖరుకు ముగుస్తుంది. మార్చిలో మధ్యతరంగం మూస్తారు. నేను తప్పు సరిదిద్దుతూ నోట్ పెట్టాలి. ఏమని పెట్టను? శ్రోతలు ఉన్నారు, కాకపోతే నాలుగు కాళ్ల మీద ఉన్నారనా?

మిగిలిన రోజులకు ప్రసంగం రాద్దామని కూర్చుంటే చేయి రావడం లేదు. "సంతృప్తి" అని శీర్షిక పెట్టాను. కళ్ల ముందు మంచె కింద పండుకున్న పంది కనపడింది. కాగితం చింపేశాను.

కానీ తొమ్మిదిన్నరకు ఏదో ఒకటి చదవాలి. అండాలు గారికి గట్టి గొంతు కావాలి. శ్రోతల ఉత్తరాలు చదవచ్చు కదా అనిపించింది. నా దగ్గర ఉన్నవి మీవే. మొదటి ఉత్తరం, ఊరివాళ్ల అభిప్రాయాలున్న రెండో ఉత్తరం, మీ ఖండన, ఇవి ఈ రాత్రి నుంచి రోజుకు కొంత చదువుతాను. పందుల ఉత్తరం మాత్రం చదవను, క్షమించాలి. పై కార్యాలయాన్ని తిట్టిన భాగాలు తీసేయాలనుకున్నాను. తీసి చూస్తే "ఇట్లు, సుచరిత" ఒక్కటే మిగిలింది. అందుకని అన్నీ చదువుతున్నాను. ఎలాగూ వాళ్లు కూడా రేడియో వినరు.

అభ్యంతరముంటే తెలపండి. మీ జవాబు చేరేలోపు చదివేసి ఉంటాననుకోండి.

రఘుపతి

తా.క.: అద్దం ముందు ఒకసారి చదివి చూసుకున్నాను. మీ ఉత్తరాన్ని మెల్లగా చదవడం సాధ్యం కాదు. రెండో వాక్యానికే నా గొంతు లేచింది. పక్కింటివాళ్లు వచ్చి అంతా క్షేమమేనా అని అడిగారు.


రాళ్లచెలక,
27 జనవరి 2023.

రఘుపతి గారికి,

నమస్కారం. చూశారా, ఈసారి ముందే పెట్టాను.

అండాలక్క ఎకరం నిలబడింది. మీరు నా ఉత్తరాలు చదవడం మొదలుపెట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా ఆ చేనులో ఒక్క కాయ పోలేదు. బుచ్చయ్య చేనులోనూ పోలేదు. పందులు వాగు ఇవతలకే రాలేదు.

నిజం చెబుతున్నాను, నాకు గర్వం ఎక్కింది. ఇన్నేళ్లుగా కరపత్రాలు రాస్తున్నాను. చదివి మారిన మనిషి ఒక్కడు కనపడలేదు. అడవిపందికి మాత్రం నా వాదంలో బలం తెలిసిందని అనుకున్నాను. మీ ప్రసంగం కన్నా నా ఉత్తరానికి అవి ఎక్కువ దూరం పారిపోయాయని, గద్యానికి ఇంతకన్నా కొలబద్ద ఏం ఉంటుందని, మీకు ఒక ఉత్తరం మొదలుపెట్టాను కూడా. పూర్తిచేసే ముందు అండాలక్కకు చదివి వినిపించాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమనుకోకు టీచరమ్మా. నీ ఉత్తరానికి గాదు."

"మరి దేనికి?"

"మేమందరం ఆడనే కూసుంటున్నం గద."

సంగతేమిటంటే, మొదటి రాత్రి మీరు మా ఊరి పేరు చదివినప్పుడు బుచ్చయ్య గట్టు మీదుగా పోతున్నాడు. మర్నాడు అండాలక్క పేరు, తన పేరు, తను అన్న మాటలు కూడా రేడియోలో వచ్చేసరికి ఊళ్లోకి ఉరికాడు. "మన రాళ్లచెలక పేరు చెప్తున్నరు, నా మాట నన్నే అంటున్నరు" అని ఇంటింటికీ చెప్పాడట. ఆ మరుసటి రాత్రి నుంచి జనం తొమ్మిదింటికే అన్నం తిని, దుప్పట్లు కప్పుకుని, అండాలక్క మంచె చుట్టూ వచ్చి కూర్చుంటున్నారు. మంట వేసుకుంటున్నారు. పల్లికాయ కాల్చుకు తింటున్నారు. పందుల వంతు మనుషులే తింటున్నారని అండాలక్క విసుక్కుంటోంది గానీ, రేడియో గొంతు మాత్రం తనే పెంచుతోంది. మీరు పేదరికం మీద నా ఖండన చదివిన రోజు బుచ్చయ్య లేచి, "గది కరెక్టు" అన్నాడట. నేను ముఖాముఖి చెప్పినప్పుడు అతను ఎన్నడూ ఆ మాట అనలేదు. రేడియోలో వస్తే నమ్మాడు.

ఇంతమంది కూర్చుని మాట్లాడుతుంటే పంది ఎందుకు వస్తుంది?

ఇదంతా జరుగుతుంటే నేనెక్కడ ఉన్నానని అడుగుతారు. ఇంట్లో, తలుపు వేసుకుని, మీకు ఉత్తరాలు రాస్తున్నాను. శ్రోతల సంఘం కార్యదర్శినైన నన్ను పిలవాలని కూడా ఎవరికీ తోచలేదు. "నువ్వు రాసిందే గద, నీకెందుకు మళ్ల వినుడు" అన్నది అండాలక్క.

నిన్న రాత్రి నేనూ పోయాను. వేరే వాళ్ల నోట నా ఉత్తరం విన్నాను. చాలా పొడవుగా రాస్తున్నాను. ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

కాబట్టి మీ సునీల్ రాసింది ఆ రోజుకు నిజమే. అప్పుడు శ్రోతలు లేరు, పందులే ఉన్నాయి. ఇవాళ పందులు లేవు, శ్రోతలున్నారు. మీరు చేసిన పని ఒక్కటే, మా పేర్లు మాకు వినిపించడం. దానికి వేణువు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, అభిరుచి సర్వే అక్కర్లేదు. ఇది మీ పై కార్యాలయానికి తెలియాలి. మీ నోట్‌లో గడి లేకపోతే ఇతరములలో వేయండి.

అందరి తరఫున,
సుచరిత

తా.క.: డిమాండ్లు కింద రాస్తున్నాను. గొంతు తగ్గించకుండా చదవండి.

1. నెలాఖరుకు ప్రయోగం ఆపొద్దు. పల్లి పీకడానికి ఇంకా టైముంది.

2. సర్వే మళ్లీ చేయాలి. పగలు ఇళ్లల్లో కాదు, చీకటి పడ్డాక చేనుగట్ల మీద. సునీల్‌ను అన్నం తినకుండా రమ్మనండి, ఇక్కడ పెడతాం.

3. మార్చిలో మధ్యతరంగం మూయొద్దు. మూయాలనుకునే అధికారి ముందు ఒక రాత్రి అండాలక్క మంచె మీద కాపలా ఉండి, పొద్దున్నే సంతకం చేయాలి.

4. తొమ్మిదిన్నరకు మాటలే రావాలి. మీ ప్రసంగం అయినా సరే. సోమరితనం మాట మాత్రం ఎత్తొద్దు.

5. వేణువు వద్దు.

6. నా ఉత్తరాలు ఇక చాలు. మిగతా ఊళ్ల నుంచి తెప్పించండి. పేర్లన్నీ చదవండి, ఊరి పేరుతో సహా.

7. పేరు రాయొద్దన్న ఆమె బిక్షమ్మ. రోజూ అందరికన్నా ముందే వచ్చి, రేడియోకు దగ్గరగా కూర్చుంటోంది. ఈ ఉత్తరం అందిన రాత్రే ఆమె పేరు చదవండి.